పూల పేర్లతో వచ్చే చిన్నప్పటి టీవీ పాట, బొమ్మల్లో పక్షులు. ఎవరికైనా గుర్తుందా?

కొర్లగుంట_అమ్మాయి • శుక్రవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదివి పోయేదాన్నే గానీ ఎప్పుడూ రాసింది లేదు. మూడు రోజుల నుంచి ఒక పాట నెత్తినెక్కి కూర్చుంది, దిగనంటోంది, అందుకే రాస్తున్నా.

చిన్నప్పుడు టీవీలో వచ్చేది. 1988, 89 ప్రాంతం అయి ఉంటుంది, నేను రెండో క్లాసో మూడో క్లాసో. మా ఇంట్లో అప్పటికి టీవీ లేదు. తిరుపతి కొర్లగుంటలో మా పక్కింట్లో ఉండేది. బ్లాక్ అండ్ వైట్, చెక్క తలుపులు అటూ ఇటూ జరిపే రకం, అద్దం ముందు నీలం ప్లాస్టిక్ షీటు ఒకటి. ఆ ఇంటావిడ పూలు కట్టి అమ్మేది. వీధిలో పిల్లలమంతా పూలత్త అనేవాళ్ళం. మేం వెళ్ళి వసారాలో చాప మీద కూర్చుంటే ఆవిడ పూలు కడుతూనే మాతోపాటు టీవీ చూసేది.

పాటలో నాకు గుర్తున్నది ఇంతే:
"మల్లీ గులాబి జాజీ చెంపా చేమంతీ..."
తర్వాత లాలలా లాలలా, మాటలు పోయాయి. చివర "దండొకటే" అని వస్తుంది.

బొమ్మల సినిమాలాగా ఉండేది, అందులో పక్షులు ఉండేవి. పాడింది చిన్నపిల్ల. యూట్యూబ్‌లో ఈ మాటలు కొడితే పెళ్ళి దండల వీడియోలు, మిద్దె తోటల వీడియోలు వస్తున్నాయి. మా ఆయనది రాజమండ్రి వైపు, అసలు ఇలాంటి పాటే లేదంటాడు. ఉంది. నేను పాడుకునేదాన్ని, ఊరికే ఎందుకు కల్పించుకుంటా?

చిత్తూరోడు • శుక్రవారం రాత్రి 10:31

అక్కా, 1988 అంటే ఆగస్టు 15న మొదటిసారి వేసిన 'మిలే సుర్ మేరా తుమ్హారా' కాదా? అందులో తెలుగు ముక్క కూడా ఉంటుంది. మా కట్టమంచిలో స్కూల్ డేకి దానికి డాన్సు చేయించినారు, నాకు పంచె కట్టి తలపాగా చుట్టి చివర నిలబెట్టినారు, పంచె ఊడింది. అది వేరే కథ.

కొర్లగుంట_అమ్మాయి • శుక్రవారం రాత్రి 10:35

అది కాదు తమ్ముడూ. అందులో అందరూ మనుషులే కదా, బొమ్మలు లేవు. పూల పేర్లూ లేవు.

లీలామహల్_బ్యాచ్ • శుక్రవారం రాత్రి 10:50

అన్నమయ్య కీర్తన అయి ఉంటుంది. పూలు, దండ అంటున్నారంటే స్వామివారి పుష్పాలంకారం మీదే. టీటీడీ వాళ్ళు టీవీలో వేసి ఉంటారు.

పలమనేరు_బావ • శుక్రవారం రాత్రి 10:58

మన తిరుపతోళ్ళకు ఏ పాట పేరు తెలియకపోయినా అది అన్నమయ్యదే 😀 ముప్పై రెండు వేలు రాశాడంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు, కాబట్టి ఇది దొరకని వాటిలో ఉందని వాదించొచ్చు, ఎవడూ కాదనలేడు. నిన్న మా వాడు ఏదో షాంపూ యాడ్ పాట కూడా అన్నమయ్యదే అన్నాడు.

లీలామహల్_బ్యాచ్ • శుక్రవారం రాత్రి 11:02

ఎగతాళి ఎందుకు బావా, తెలిసింది చెప్పినా.

తెలుగు_అయ్యవారు • శుక్రవారం రాత్రి 11:20

అన్నమాచార్యుల వారి మాటల పోకడ ఇది కాదు నాయనా. "దండొకటే" అన్నది మన వీధిలో మాట్లాడుకునే తెలుగు. పైగా "చెంపా" అనే పువ్వు లేదు. సంపెంగ ఉంది, దాని సంస్కృతం చంపకం. పాప ఏదో సరిగ్గా వినలేదు.

అమ్మా, ఒక ప్రశ్న. ఆ బొమ్మల్లో పక్షులు ఏం చేస్తున్నాయి? ఊరికే ఎగురుతున్నాయా, కథ ఏమైనా ఉందా? నిదానంగా గుర్తు చేసుకుని చెప్పు.

యాంటెన్నా_అన్న • శుక్రవారం రాత్రి 11:47

చెల్లీ, నేను తిలక్ రోడ్డులో ఒక టీవీ మెకానిక్కు దగ్గర 1985లో చేరి పని నేర్చుకున్నోణ్ణి. ఆ రోజుల్లో తిరుపతిలో నేను ఎక్కని మిద్దె లేదు. నాకు తోచింది చెప్తా, కొంచెం పొడుగైతే ఏమనుకోవద్దు.

మొదట తేల్చాల్సింది ఏందంటే, మీ పూలత్త ఇంట్లో ఏ స్టేషను వస్తా ఉండింది? ఎందుకంటే మన ఊళ్ళో అప్పుడు రెండు రకాల ఇళ్ళు ఉండేవి. మద్రాసు దూరదర్శన్ 1975లోనే మొదలైంది. మన తిరుపతికి మద్రాసు నూట ముప్పై, నూట నలభై కిలోమీటర్లు. ఊరికి ఉత్తరం పక్క ఏడుకొండలు గోడ కట్టినట్టు ఉంటాయి గానీ మద్రాసు వైపు మైదానమే. అందుకని కాస్త డబ్బున్నోళ్ళు ముప్పై నలభై అడుగుల జీఐ పైపు నిలబెట్టి, పెద్ద పుల్లల యాంటెన్నా కట్టి, బూస్టర్ పెట్టి మద్రాసు పట్టేవాళ్ళు. అది కూడా గాలి బాగుంటే. వేసవిలో రాత్రిపూట బ్రహ్మాండంగా వచ్చేది, వాన పడితే తెరంతా చీమలు.

తర్వాత 1984లో దేశమంతా చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయినారు, రోజుకొకటి అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అట్లాంటివి వచ్చినాక పొట్టి యాంటెన్నా చాలు. కానీ వాటిలో మొదట్లో వచ్చేది దాదాపు ఢిల్లీ ప్రోగ్రామే. హైదరాబాదు కేంద్రం 1977 నుంచీ ఉన్నా మనకు తెలుగు అంత ధారాళంగా దొరికేది కాదు. అందుకే మనోళ్ళు భాష రాకపోయినా హిందీ సీరియళ్ళు నోరు తెరుచుకుని చూసినారు.

కాబట్టి నా లెక్క: మీ అత్త ఇంటి మీద పొడుగు పైపు ఉండుంటే నీ పాట అరవం. పొట్టి యాంటెన్నా ఉండుంటే హిందీ. తెలుగు అయ్యుండేది మాత్రం కష్టం. నీ చెవే దాన్ని తెలుగు చేసుకునింది. పిల్లప్పుడు అందరికీ జరిగేదే.

ఇంకో మాట. కొర్లగుంట అంటున్నావు, కపిలతీర్థం వైపు నుంచి కోతులు వచ్చేవి గుర్తుందా? యాంటెన్నా పుల్లలు పట్టుకుని ఊగేవి. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు రామాయణం మొదలయ్యే టయానికి కోతి యాంటెన్నా తిప్పేస్తే, వీధి మొత్తం మిద్దెలెక్కి "వచ్చిందా?" "రాలేదు" "ఇప్పుడు?" "రాముడొచ్చినాడు, సీత రాలా". ఆంజనేయుడే వచ్చి చెడగొట్టినాడని ఒక ముసలాయన దండం పెట్టుకునేవాడు గానీ కోతిని తోలనిచ్చేవాడు కాదు. నాకేమో ఆ పూట మూడు ఇళ్ళ నుంచి పిలుపు.

నగరి_పిల్ల • శనివారం ఉదయం 6:40

యాంటెన్నా అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మా నగరిలో, పుత్తూరులో, సత్యవేడు పక్క అయితే బూస్టర్ కూడా అక్కర్లేదు, మద్రాసు పక్కింటి మాట వినపడినట్టు వచ్చేది. శుక్రవారం సాయంత్రం 'ఒలియుం ఒళియుం' అని సినిమా పాటలు వేస్తే మా వీధిలో మనిషి కనపడేవాడు కాదు. పిల్లలకు 'కణ్మణి పూంగా' అని వచ్చేది. అక్కా, నీది అందులో పాట అయి ఉండొచ్చు. మల్లికి వాళ్ళు కూడా మల్లి అనే అంటారు. నాకు ఇప్పటికీ కొన్ని పాటలు తెలుగో అరవమో తేడా తెలీదు, మా జేజి రెండూ కలిపి మాట్లాడేది, మేమూ అంతే.

మద్రాసు టీవీలో తెలుగు వార్తలు లేవని మా నాయన రోజూ తిట్టేవాడు, రోజూ చూసేవాడు.

కొర్లగుంట_అమ్మాయి • శనివారం ఉదయం 9:15

రాత్రి అన్నీ చదివి నిద్రపోలేదు. వరసగా చెప్తా.

యాంటెన్నా అన్నా, పూలత్త ఇంటి మీద పొట్టి యాంటెన్నానే. గట్టిగా చెప్పగలను, ఎందుకంటే దాని కడ్డీకి ఒక కొస, జామచెట్టుకు ఒక కొస కట్టి ఆవిడ చీరలు ఆరేసేది. పొడుగు పైపైతే కుదరదు కదా.

కానీ పాట హిందీ అంటే ఒప్పుకోను. "దండొకటే" అన్నది నేను చెవులారా విన్నా. హిందీలో దండ అంటే కర్ర.

అయ్యవారూ, మీరు అడిగినాక కళ్ళు మూసుకుని ఆలోచించా. పక్షులు గింజలు తింటాయి. వల పడుతుంది. వల వేసినవాడు ఒకడు వస్తాడు, మీసాలో గడ్డమో ఉంది. అప్పుడు పక్షులన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతాయి. ఆకాశంలో వల వేలాడుతూ పోవడం బాగా గుర్తుంది, ఎందుకంటే నాకది పూలత్త చీర గాలికి ఎగిరినట్టు ఉండేది. తర్వాత ఎలుకలు. ఎలుకలు ఎందుకు వచ్చాయో మాత్రం గుర్తు లేదు.

తెలుగు_అయ్యవారు • శనివారం ఉదయం 9:52

ఎలుకలు ఎందుకు వచ్చాయా! అమ్మా, నువ్వు బడిలో తెలుగు పాఠం చదవలేదా? అది చిత్రగ్రీవుడి కథ. పావురాల రాజు చిత్రగ్రీవుడు. నూకలకు ఆశపడి పావురాలు వలలో పడతాయి, అందరం ఒక్కసారిగా ఎగురుదామని ఆయన చెబుతాడు, వలతో సహా ఎగిరి తన మిత్రుడైన హిరణ్యకుడు అనే ఎలుక దగ్గరికి పోతారు. అది పళ్ళతో వల కొరుకుతుంది. ముందు నా వాళ్ళ కట్లు కొరుకు, తర్వాతే నావి అంటాడు చిత్రగ్రీవుడు. పరవస్తు చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రికలో, మిత్రలాభంలో మొదటికే వస్తుంది. నేను ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లల చేత అప్పజెప్పించాను. ఇదంతా చెట్టు మీద నుంచి చూస్తూ వెంబడించే కాకి లఘుపతనకుడు. ఆ పేరు పలకడానికి పిల్లలు పడే పాట్లు చూడాలి.

అంటే నీ పాట ఉన్న బొమ్మల సినిమా ఈ కథతో తీసినది. భాష సంగతి నాకు తెలియదు, కథ మాత్రం మనందరిదీ.

శ్రీకాళహస్తి_రాణి • శనివారం ఉదయం 10:20

అయ్యవారూ మీ కాళ్ళకు దండం!! దొరికింది!!!

అక్కా, అది 'ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా'. "ఏక్ చిడియా, అనేక్ చిడియా" అంటే అందరికీ తెలుస్తుంది. అందులో ఒక అక్క పిల్లలకు ఒకటి అంటే ఏంటి, అనేకం అంటే ఏంటి అని చెప్తుంటుంది. ఒక సీతాకోకచిలుక, చాలా సీతాకోకచిలుకలు, ఒక ఉడుత, చాలా ఉడుతలు, అట్లా. తర్వాత పక్షులు, వల, ఎలుకలు. ఆఖరికి పిల్లలు మనం కూడా కలిస్తే ఈ చెట్టు మామిడికాయలు కోయగలమా అని అడుగుతారు. అది అయినాక దేశం పాట వస్తుంది. ఆ పాటలో పూల వరస ఉంది: "బేలా, గులాబ్, జూహీ, చంపా, చమేలీ".

ఇప్పుడు నీ "మల్లీ గులాబి జాజీ చెంపా చేమంతీ" దాని పక్కన పెట్టి పాడి చూడు.

కొర్లగుంట_అమ్మాయి • శనివారం ఉదయం 10:24

అయ్యో

కొర్లగుంట_అమ్మాయి • శనివారం ఉదయం 10:49

చూశా. నాలుగుసార్లు చూశా. అదే వల, అదే ఎగరడం. వంటింట్లో కుక్కర్ ఎన్ని కూతలేసిందో కూడా లెక్కపెట్టలేదు, పప్పు అడుగంటింది. మా ఆయన వచ్చి ఏమైంది అంటే ఏడుస్తూ పక్షుల్ని చూపించా. ఆయనకేం అర్థం కాలా. తర్వాత పక్కన నిలబడి పూర్తిగా చూసి, "ఇది మేమూ చూశాం, హిందీ పాట కదే" అన్నాడు. అన్నాడు గదా అని ఊరుకున్నా.

వీడియోలో ఇది రంగుల్లో ఉంది. నాకు ముప్పై అయిదేళ్ళుగా అదంతా నీలం.

చిత్తూరోడు • శనివారం ఉదయం 11:05

ప్లాస్టిక్ షీటు మహత్యం అక్కా 😂 మా ఇంట్లోది పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద పచ్చ. కలర్ టీవీ అని నమ్మి చూసేవాళ్ళం. వార్తలు చదివే ఆమె నుదురు నీలం, గడ్డం పచ్చ.

శ్రీకాళహస్తి_రాణి • శనివారం ఉదయం 11:30

దీని గురించి నాకు కొంచెం పిచ్చి ఉంది, చెప్పకుండా ఉండలేను. 1974లో ఫిలిమ్స్ డివిజన్ తీసింది, నిడివి ఏడు నిమిషాల దాకా ఉంటుంది. దర్శకత్వం విజయా మూలే. విద్యా చిత్రాల విభాగంలో జాతీయ అవార్డు వచ్చింది. బొమ్మల పని భీమ్‌సైన్. సంగీతం వసంత్ దేశాయ్, ఆయన ఆ మరుసటి ఏడాది 1975 డిసెంబరులో లిఫ్టు ప్రమాదంలో చనిపోయాడు. పాట రాసింది పండిత్ వినయ్ చంద్ర మౌద్గల్య. ఆ చిన్నపిల్ల గొంతు ఎవరిదో తెలుసా? సాధనా సర్గమ్. తర్వాత తెలుగులో మనం విన్న ఎన్ని సినిమా పాటలో ఆవిడవి! అప్పటికి ఆమెది బడికి పోయే వయసు కూడా సరిగా రాలేదు.

విజయా మూలే 1921లో పుట్టి 2019లో పోయారు, తొంభై ఎనిమిదేళ్ళు. ఆవిడ గురించి చదివిన రోజు నేను మా హెచ్‌ఆర్ మీటింగులో ఉండి "ఏక్ తితలీ" అని పైకే అనేశా.

యాంటెన్నా_అన్న • శనివారం మధ్యాహ్నం 1:10

చెప్పినానా, పొట్టి యాంటెన్నా అయితే హిందీ. ఇది ఢిల్లీ వాళ్ళు ప్రోగ్రాముకు ప్రోగ్రాముకు మధ్య ఖాళీ వస్తే వేసేవాళ్ళు. "అంతరాయానికి చింతిస్తున్నాం" అనే అట్ట తీసినాక ఒకోసారి ఇదే వచ్చేది. అట్ట వస్తే జనం నన్ను తిట్టేవాళ్ళు, పక్షులొస్తే పిల్లలు మెచ్చుకునేవాళ్ళు, రెండింటికీ నాకు సంబంధం లేదు.

పలమనేరు_బావ • శనివారం మధ్యాహ్నం 1:25

అయితే కేసు క్లోజ్. లీలామహల్ బ్యాచ్ గారూ, అన్నమయ్య గారిని వదిలేయొచ్చు.

కొర్లగుంట_అమ్మాయి • శనివారం మధ్యాహ్నం 2:40

క్లోజ్ కాలేదు బావగారూ. మిగతావాళ్ళు పాట దొరికిందిగా అంటారేమో. బొమ్మలు దొరికాయి, పక్షులు దొరికాయి, బాణీ దొరికింది. నా పాట దొరకలేదు. చంపా చెంపా అయిందంటే ఒప్పుకుంటా, పిల్ల చెవి. గులాబ్ గులాబి అయిందన్నా సరే. బేలా మల్లి ఎట్లా అయింది? ఆ వయసులో నాకు బేలా అంటే మల్లె అని తెలిసే దారే లేదు. జూహీ జాజి ఎట్లా అయింది? "దండొకటే" ఎక్కడిది? ఇది చెవి పొరపాటు కాదు, ఎవరో దీన్ని తెలుగులోకి మార్చారు. తెలుగు వెర్షన్ ఏమైనా వేశారా అని నా అనుమానం.

తెలుగు_అయ్యవారు • శనివారం సాయంత్రం 4:05

అమ్మాయి వాదనలో పస ఉంది. ఇంకొకటి చూడండి. బేలాకు మల్లె సరిపోయింది. జూహీకి జాజి అన్నా తప్పు పట్టలేం. చంపాను మాత్రం అర్థం చెప్పకుండా శబ్దం అట్లాగే ఉంచేశారు. చమేలీ దగ్గరికి వచ్చేసరికి అర్థమే మారిపోయింది. చమేలీ అంటే జాజి జాతిదే, చేమంతి కానే కాదు. అంటే మార్చినవాళ్ళకు హిందీ కొంచెమే తెలుసు, పూలు మాత్రం బాగా తెలుసు. జాజి ఒకసారి చెప్పేశాం కదా, మళ్ళీ ఎందుకని చేమంతి పెట్టినట్టున్నారు. దూరదర్శన్ వాళ్ళు చేయించి ఉంటే ఇట్లా చేయరు.

నగరి_పిల్ల • శనివారం సాయంత్రం 4:20

పూలు బాగా తెలిసిన మనిషి, హిందీ అంతంతమాత్రం... అక్కా నీకు వెలగలేదా ఇంకా? 🙂

కొర్లగుంట_అమ్మాయి • శనివారం సాయంత్రం 4:22

పూలత్త!!

కొర్లగుంట_అమ్మాయి • శనివారం సాయంత్రం 5:30

ఒక్కసారిగా అంతా వస్తోంది, వచ్చింది వచ్చినట్టు రాసేస్తా.

మధ్యాహ్నం మూడింటికి పూలు దిగేవి. గోనె సంచీ విప్పి తడి గుడ్డ మీద కుప్పలు పోసేది. మల్లెమొగ్గలు ఒక కుప్ప, జాజులు ఒక కుప్ప, చేమంతులు, గులాబీలు వేరే. అరటినార నీళ్ళ చెంబులో నానుతూ ఉండేది. ఆవిడ కాళ్ళు చాపుకుని, నార కొసను కుడికాలి బొటనవేలికి చుట్టుకుని, రెండు మొగ్గలు ఇటు రెండు అటు పెట్టి, ముడి తిప్పి లాగేది, టక్కున బిగిసేది. చూపు టీవీ మీద. చేతుల వైపు చూసిందే లేదు. మేం నలుగురం పిల్లలం చుట్టూ కూర్చుని పూలు అందించేవాళ్ళం, అందిస్తే లెక్కకు రాని పూలు చివర్లో మాకు. మూర వేసి కొలిచేటప్పుడు మోచేయి దగ్గర కొంచెం దయగా ఉండేది ఆవిడ, అందుకే బేరం బాగా సాగేది. గోవిందరాజస్వామి గుడి దగ్గర అమ్మేది. కొండకు పోయే ఆడవాళ్ళు అడిగితే అమ్మేది కాదు, పైన పూలు పెట్టుకోకూడదమ్మా, అక్కడ పూలన్నీ సామివి, దిగి వచ్చినాక తీసుకో అని పంపేసేది.

ఆవిడ పాడేదా? పాడినట్టే గుర్తు. ఆ గొంతు చిన్నపిల్లది అనుకుంటూ వచ్చా, టీవీలో పిల్ల పాడుతుంది కదా. రెండు గొంతులూ నాలో ఒకటైపోయినట్టున్నాయి.

అమ్మకు ఫోన్ చేస్తా.

మోడరేటర్ • శనివారం సాయంత్రం 6:00

చర్చ చాలా బాగుంది. ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు మాత్రం ఇక్కడ పెట్టకండి. నేను కూడా వెయిటింగ్.

లీలామహల్_బ్యాచ్ • శనివారం రాత్రి 8:15

ఏమైందో చెప్పండి. పడుకునే ముందు ఒకసారి చూసి పడుకుంటా.

యాంటెన్నా_అన్న • శనివారం రాత్రి 9:30

నేనూ అంతే. మా ఆవిడ ఏంది ఫోను వదలవు అంటా ఉంది, పూలత్త కోసం అంటే ఆమె ఎవరు అంటా ఉంది 😀

కొర్లగుంట_అమ్మాయి • ఆదివారం మధ్యాహ్నం 12:20

క్షమించాలి, ఆలస్యమైంది. పూలత్త ఇప్పుడు చంద్రగిరిలో కొడుకు దగ్గర ఉందట. నంబరు సంపాదించేసరికి పొద్దు ఎక్కింది. నేను చెప్పుకున్నాక గుర్తుపట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. "మూతి మీద మచ్చ ఉండే పాపా, మొగ్గలు తినేసేదానివి?" అంది. నేను మొగ్గలు తినేదాన్నట. ఇది నాకు గుర్తు లేదు.

పాట అడిగా. "ఏం పాటమ్మే? నేనెప్పుడు పాడినా? నాకు పాటలు రావు" అంది. నేను ఫోన్లోనే పాడి వినిపించా, మల్లీ గులాబి జాజీ చెంపా చేమంతీ. కాసేపు మాట లేదు. తర్వాత నవ్వింది.

"అది పాట కాదే పాపా. మిమ్మల్ని పూలడగతా ఉంటిని."

సంగతి ఇదీ. మామూలు రోజుల్లో మల్లెపూలే. పండగలకు, పెళ్ళిళ్ళకు కలగలుపు దండలు కట్టేది. ఒక్కో పిల్లకు ఒక్కో కుప్ప అప్పగించేది. ఏది కావాలంటే ఆ పువ్వు పేరు పిలిస్తే ఆ పిల్ల అందించాలి. ఊరికే పిలిస్తే మేం టీవీ చూస్తూ పలికేవాళ్ళం కాదు. టీవీలో ఆ పూల పాట వచ్చినప్పుడు అందరం అదే కూనిరాగం తీసేవాళ్ళమట. దాన్ని పట్టుకుని ఆ బాణీలో పూలు పిలవడం మొదలుపెట్టింది. అట్లా పిలిస్తే చేతులు వాటంతట అవే కదిలేవట. "మల్లీ" అంటే నేను అందించాలి, నాది మల్లె కుప్ప. తినేది కూడా అందుకే అయ్యుంటుంది.

చెంపా అంటే ఏ పువ్వు అత్తా అని అడిగా. "అది పువ్వు కాదు, ఆ పిల్లోడు నిద్రపోతా ఉంటే చెంప మీద కొడతానని" అంది! నాలుగో కుప్ప దగ్గర కూర్చునే అబ్బాయి ఒకడు, నాకు వాడి మొహం కూడా గుర్తు లేదు, వాడు ఊరికే కునికేవాడట. చెంపా అని గట్టిగా అనగానే లేచి చేమంతి అందించేవాడు.

పలమనేరు_బావ • ఆదివారం మధ్యాహ్నం 12:31

😂😂😂 అయ్యవారూ, మీ సంస్కృతం చంపకం ఏమైపోయింది?

తెలుగు_అయ్యవారు • ఆదివారం మధ్యాహ్నం 12:40

ఒప్పుకుంటున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు నేనూ వెనక బెంచీ వాళ్ళను అదే పద్ధతిలో లేపాను, అయినా తట్టలేదు.

అమ్మా, "దండొకటే" సంగతి అడిగావా?

కొర్లగుంట_అమ్మాయి • ఆదివారం మధ్యాహ్నం 1:15

అడిగా. "ఆ ముక్క నాది కాదు, మీ అమ్మ చెప్పింది" అంటోంది. మా అమ్మ అప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు కట్టింది, ప్రాథమిక అయిపోయి మధ్యమకు చదువుతోంది. సాయంత్రం పుస్తకం పట్టుకుని పూలత్త వసారాలోకే వచ్చేది, అక్కడ గాలి వస్తుందని. టీవీలో ఆ పాట వస్తే, పూలు ఎన్ని రకాలైనా మాలలో ఒకటే అని అర్థం చెప్పిందట. పూలత్త విని, మాల అనేది ఎవరు, దండ అనరాదా అని దాన్ని కలుపుకుంది.

అమ్మను అడిగితే "నేనా? నాకేం హిందీ వచ్చు, మధ్యమ తప్పాను గదా" అంది. ఇద్దరూ కాదంటున్నారు. మూడో మనిషిని నేనే, నేనైతే మొగ్గలు తింటూ కూర్చున్నా.

శ్రీకాళహస్తి_రాణి • ఆదివారం మధ్యాహ్నం 1:40

అక్కా, అసలు పాట ఆవిడకు వినిపించావా?

కొర్లగుంట_అమ్మాయి • ఆదివారం మధ్యాహ్నం 2:05

వినిపించా. వాళ్ళ మనవరాలి ఫోన్లో పెట్టించా, ఇటు నేను లైన్లోనే ఉన్నా. పక్షులప్పుడు ఏం మాట్లాడలేదు. పూల వరస వచ్చేసరికి ఆపమంది. మళ్ళీ వేయమంది. ఒక్కో పువ్వుకు మనవరాలి చేత అర్థం చెప్పించుకుంది. చంపా అంటే సంపెంగ అని తెలిసినాక అడిగింది, "సంపెంగలను మల్లెల్లో కలిపి గుచ్చినాడా?"

అవునత్తా, పాటలో అట్లానే ఉంది అన్నా.

"సాయంత్రానికి నల్లబడతాయమ్మే. పాట బాగుండాది గానీ రాసినాయన ఎప్పుడూ దండ కట్టినట్టు లేడు."